రేగుకొమ్మకు కిటికీ పక్క సీటు

అమ్మా, నేనూ పెదనాన్నా బాగానే ఉన్నాం. ముత్తాత సంగతే గుబులుగా ఉంది.

ఇసాండ్లవానా కొండ కింద తెల్లరాళ్ల గోరీలన్నీ ఆనాటి యుద్ధంలో చచ్చిన ఇంగ్లీషు సిపాయిలవే. మన జూలూలు ఎవరెక్కడ పడిపోయారో, ముత్తాత ఎక్కడ పడ్డాడో చెప్పే రాయి ఒక్కటీ లేదు. పెదనాన్న గడ్డిలో నిలబడి, తాత ఆత్మ ఎక్కి రావడానికి రేగుకొమ్మ నేలకు తాకించి, "దుమిసా తాతా, లే, ఇంటికి పోదాం" అని పిలిచాడు. బస్సులో తాతకూ టిక్కెట్టు తీసి, కొమ్మను కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాం.

ఇల్లు చేరేదాకా కొమ్మ పట్టిన పెదనాన్న తాతతో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు కదా. నన్ను తిట్టాలన్నా తాతకే చెబుతున్నాడు. "తాతా, నీ మునిమనవడు నీళ్ల సీసా మరిచొచ్చాడు, చూడు."

వ్రైహైడ్‌లో బస్సు చెడిపోయింది. ఖాళీగా కూర్చుని ఉండబట్టలేక అడిగేశాను. "పెదనాన్నా, అక్కడ అంతమంది పడి ఉన్నారు. మనతో వచ్చింది తాతేనంటావా?"

ఆయన మొహం వాడిపోయింది. కొమ్మ వైపు తిరిగి, దానితోనే అన్నాడు. "నాయనా, నువ్వు దుమిసావి కాకపోయినా దిగిపోకు. ఇన్నాళ్లూ నిన్నూ ఎవరూ పిలవలేదుగా."

ముందు బండిలో వెళ్లే ఒకాయన చేతికి ఈ కార్డు ఇస్తున్నాను. చెల్లి జ్వరం తగ్గిందా? తాతకు పెట్టాల్సిన జొన్న బీరు పులిసిందా? గుమ్మంలో పెదనాన్నను పలకరించొద్దని పిల్లలకు గట్టిగా చెప్పు. పెద్దవాళ్లకు నా దండాలు.

కొమ్మను దించడానికి పెద్ద చాప చూసి పరిచి ఉంచు. ఎంతమంది వస్తున్నారో తెలియదు.

వెలాఫి