లారీ ఇంటికి లోపలి దారి

మెర్జూగా, మొరాకో

ఎకార్ట్ అన్నయ్యా,

మేం క్షేమం, అమ్మతో చెప్పు. నిన్న ఇసుకగాలి వీస్తున్నా, లారీ వెనక గదిలో గాలి మారాలంటూ మా ఆయన ఫోల్కర్ పొద్దున ఏడు కాగానే కిటికీలన్నీ బార్లా తెరిచాడు. పరుపంతా ఇసుక.

"ఇది జర్మనీలో మన కాసెల్ కాదు మహానుభావా!" అన్నాను.

అలిగి దిగిపోయి, ముందు డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. అంతలో తుఫాను కమ్మేసింది. రెండు గంటలు ఆయన ముందు, నేను వెనక గదిలో. కాఫీ నా దగ్గరుంది. లారీ కట్టేటప్పుడు మధ్యలో దారి పెడదామంటే "గోడకి కన్నం పెడితే గది బలం పోతుందే" అన్నది ఆయనే.

నువ్వు కట్టే లారీకి మాత్రం గోడ బిగించకముందే దారి వదులు. వదిన మోకాలు తగ్గిందా? అమ్మకు నా ముద్దులు.

చలికాలం మా దగ్గరికొచ్చేటప్పుడు నీ రంపం తెచ్చిపెట్టు. తుఫాను తగ్గాక మధ్య గోడమీద పెన్సిలుతో గుమ్మం ఆయనే గీశాడు.

నీ చెల్లెలు,
గుడ్రున్