కుండలో తగ్గిన బెల్లం

మన ద్రాక్షతోట సంగతి మీకు కాక ఎవరికి చెప్పుకోను? మీరు పోయి ఈ రోజుకు ఏడాది. పొద్దున సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి వచ్చి, క్రిస్మస్ పూజలకు పంపాల్సిన ఎర్ర ద్రాక్షరసం పీపా మూత తీయించాను.

ఎండాకాలం నుంచి నాకొక అనుమానం ఉంది. మేం రసం తీసిన వారంలోనే వంటింటి కుండలో బెల్లం సగానికి తగ్గింది. ఇంట్లో ఎవరూ తీపి వండలేదు. ఇవాళ రుచి చూడగానే అర్థమై మీ తమ్ముణ్ణి నిలదీశాను.

"ఈసారి పండు పులుపుండె వదినా. గందుకే జర బెల్లమేసిన. సారాలో ఎయ్యమా ఏంది?"

"ఇది సారానా? పూజకు పోయేది. ద్రాక్ష తప్ప ఏం కలపొద్దని ఇటలీ ఫాదర్ మీ అన్నకు నేర్పలేదా?"

"ఆ ఫాదర్‌ను ఇటలీతోని లడాయి మొదలుకాంగనే ఇంగ్రేజోల్లు ఖైదీల క్యాంపుకు పట్టుకపోయిరి. కొత్త ఫాదర్‌కు ఏం తెలుస్తది? పంపకుంటే మద్రాసు దిక్కు చర్చిలోల్లు ఇంకెవల దగ్గరన్న కొంటరు. మన పని బందైతది."

అతను అన్నది అబద్ధం కాదు. యుద్ధంతో ఇటలీ నుంచి ఓడల్లో ద్రాక్షరసం సీసాలు రావడం ఆగినప్పటి నుంచి వాళ్లు మన పీపా కోసమే ఎదురుచూస్తున్నారు.

నిరుడు మీరు చేతులారా తీసిన రసం చిన్న పీపాలో కొంత మిగిలింది. మీ జ్ఞాపకంగా దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఇవాళ బెల్లం కలిసిన పీపాకు బదులు దాన్నే బండి ఎక్కించి గద్వాల స్టేషన్‌కు పంపాను. మీ తమ్ముడు తల వంచుకుని బండి వెనకే నడిచాడు.

వచ్చే ఏడు పంపడానికి మీ చేతి రసం ఇక లేదు. తోట ఎట్లా కాస్తుందో తెలియదు. సాయంత్రం పీపాలుండే అర అంతా కడిగాను. మీ పీపా ఉన్నచోట నేల మీద గుండ్రటి ఎర్ర మరక ఉంది. అది మాత్రం కడగలేదు.