క్వాంటం డే నాడు ఒక వెంట్రుక

ఏమండీ,

మీరు పోయాక వికారాబాద్‌లో మన కాలేజీలో సైన్స్ సభ జరగడం ఇదే మొదటిసారి. క్వాంటం డే అట. మీరుంటే వారం ముందు నుంచే నిద్రపోయేవారు కాదు. నాకు మాత్రం కాళ్లు లాగుతున్నాయి.

అతిథులుగా రావాల్సిన హైదరాబాద్ కంపెనీవాళ్ల కోసం పిల్లలు పొద్దుటి నుంచి కూర్చున్నారు. వాళ్లు వచ్చాక దీపం, శాలువాలు, ఫొటోలు. మీరు తలలోంచి వెంట్రుక పీకి చేసే లేజర్ ప్రయోగం ఈసారి నేను చేద్దామనుకున్నాను. దానికి చీకటి కావాలి కదా, లైట్లు ఆర్పమన్నాను.

"లైట్లు బంద్ జేస్తే వీడియో ఎట్ల వస్తది మేడం? జర ఆగుండ్రి" అన్నారు ప్రిన్సిపాల్.

ఆగాను. ఉపన్యాసాలు, భోజనాలు అయ్యాయి. కార్లు వెళ్లిపోయాయి.

కుర్చీలు ఎత్తుతుంటే, కోట్‌పల్లి నుంచి వచ్చి చదువుకునే సరిత నా దగ్గరికొచ్చింది.

"సార్ చేసే వెంట్రుక ప్రయోగం చూపెట్టరా మేడం? మా అక్క మస్తు చెప్పింది."

"బస్సు పోతది బిడ్డా."

"ఇంకోటి వస్తది తియ్యుండ్రి."

అతిథులు వదిలేసి పోయిన శాలువాలనే ఇద్దరం కిటికీలకు కట్టాం. పర్సులో కాగితంలో చుట్టి తెచ్చిన వెంట్రుకను లేజర్ ముందు పెట్టాను. గోడ మీది ఒక్క ఎర్రచుక్క పక్కపక్కనే చుక్కల వరుసగా విడిపోయింది. వెలుగు అలలా కూడా నడుస్తుందని, క్వాంటం కథ ఇక్కడే మొదలవుతుందని మీరు గంట చెప్పేవారు. నేను రెండు ముక్కల్లో ముగించాను.

సరిత వంగి చూసింది. "గింత పొట్టిగుంది, గిది మీది కాదు కదా మేడం?"

"మా ఇంటిదే" అన్నాను.

ఇంటికొచ్చి దాన్ని మళ్లీ మీ దువ్వెనలోనే పెట్టాను.