ఒక ముడి ఛార్జింగ్, రెండు ముళ్లు డేటా

సోమవారం, ఉదయం
ఇక చాలు! ఇంటినిండా కేబుళ్లు, అన్నీ నల్లవే. ఏది దేనిదో ఆ బ్రహ్మకైనా తెలియదు. ఈ వారంలో తేల్చేస్తాను. పద్ధతి: ఒక ముడి ఉంటే ఉత్త ఛార్జింగ్. రెండు ముళ్లుంటే డేటా కూడా. స్టిక్కరైతే ఊడిపోతుంది. ముడి ఊడదు! నా బుర్రే బుర్ర.

సాయంత్రం
సగం పరీక్షించాను. రెండు ముళ్లకు నోచుకున్నది మా ఆవిడ కెమెరా కేబుల్ ఒక్కటే. ముఖ్యమైనది కదా, పళ్లతో లాగి మరీ బిగించాను.
"దాని జోలికి రాకండి బాబూ! శుక్రవారం సాయంత్రానికి హోటల్ వాళ్లకి ఫొటోలు పంపాలి. నాకు దొరికిన మొదటి పెద్ద పని అది."
"నీ పని సులువు చేద్దామనే మహారాణీ!"

మంగళవారం
నడుం నొప్పి. ముళ్లు వేయడం మాటలు కాదు. మిగతావి రేపు.

బుధవారం
ఆఫీసులో పని. సగం అయ్యిందంటే దాదాపు అయిపోయినట్టే.

గురువారం
ఇంటికొచ్చేసరికి సోఫాలో అత్తగారు, ఒళ్లో కేబుళ్లు.
"అన్నీ ముళ్లు పడిపోయాయి బాబూ! పొద్దుట్నుంచీ కూర్చుని విప్పాను."
చక్కగా చుట్టలు చుట్టి రబ్బరు బ్యాండ్లు కూడా వేశారు. ఒక్క ముడి లేదు.
"చాలా శ్రమపడ్డారు అత్తయ్యా" అన్నాను. ఏడుపొచ్చింది. మా ఆవిడకు చెప్పలేదు.

శుక్రవారం, మధ్యాహ్నం
మా ఆవిడ ఒక్కో కేబులూ కెమెరాకు తగిలిస్తోంది. ఛార్జింగ్ ఎక్కుతోంది. ఇంకోటి. అదీ ఛార్జింగే! కెమెరా జన్మలో ఇంత కడుపునిండా తిని ఉండదు. ఫొటో ఒక్కటీ బయటికి రాదు. కార్డ్ రీడర్ వాడదామంటే, పోయిన నెల నేను "సర్దినప్పటి" నుంచి అది కనబడటం లేదు.
అప్పుడు అత్తగారు నెమ్మదిగా అన్నారు: "ఒకటి మాత్రం ఎంతకీ రాలేదమ్మా. రెండు ముళ్లు, ఏ రాక్షసుడు వేశాడో! కత్తెరతో కోసి పారేశాను."
మా ఆవిడ నావైపు చూసింది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. భయమేసింది, సిగ్గేసింది.

సాయంత్రం
కొత్త కేబుల్ కొనుక్కొచ్చింది. ఫొటోలు గడువులోపే వెళ్లాయి. హోటల్ వాళ్లకు నచ్చాయట! హమ్మయ్య.
కొత్త కేబుల్‌కు కాగితం అంటించి ఉంది: "డేటా. నాది. ముట్టుకున్నారో, మీ పని చెప్తా."

శనివారం, ఉదయం
ఇక చాలు! ఇంట్లో చూడగానే తెలిసిపోయే కేబుల్ అదొక్కటే. అదే పద్ధతి మిగతా వాటికీ! కాగితాలు కోశాను. పెన్ను సిద్ధం. టేపు ఎక్కడుందని అత్తగారిని అడిగాను.
పక్క గదిలోంచి మా ఆవిడ గొంతు:
"అమ్మా, ఇవ్వకు!"