ఎంకపల్లి రాబందును చంపవద్దని

చేవెళ్ళ తహసీల్దారు గారి సముఖమునకు, ఎంకపల్లి నివాసి, పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేసి దిగిపోయిన సాలోమోను చేసుకొను విన్నపము. నవంబరు, 1969.

అయ్యా,

విషయం: గాయపడిన రాబందుకు రక్షణ కోరుట, మరియు నా కుమారుని ఆచూకీ గురించి.

1. మొన్నటి వానాకాలంలో ఎవరి తుపాకి దెబ్బకో రెక్క విరిగి ఒక రాబందు నా జొన్నచేనులో పడినది. గాయం కడిగి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టితిని. నాటి నుండి అది మా కొట్టములోనే ఉన్నది. చచ్చిన పశువుల మాంసం తెచ్చి పెట్టుచున్నాను.

2. అంతకు ముందు వేసవిలో మా ఒక్కగానొక్క కుమారుడు ప్రేమదాసు తెలంగాణ ఉద్యమంలో విద్యార్థుల వెంట పట్నం వెళ్ళి తిరిగి రాలేదు. జైళ్ళలో లేడు. దవాఖానలలో లేడు. చనిపోయినవారి పేర్లలోనూ లేడని చెప్పినారు.

3. పక్షిని చూడవచ్చిన పొరుగు రైతు కుర్మయ్య, "అన్నా, గది పీనుగల తినే పిట్ట. పట్నంల గన్ని పీనుగలు లేసినయి, మన పిలగాడు గూడ..." అని నాలుక కరుచుకొన్నాడు. లోపల నా భార్య కరుణమ్మ వినినది. అప్పటివరకు కొట్టం వైపు రాని మనిషి, ఆ రోజు నుండి దాని ఎదుటనే కూర్చుండుచున్నది. "నా బిడ్డను సూసినవా? జర చెప్పు," అని అడుగుచున్నది. దాని ముక్కును కొంగుతో తుడిచి, ఆ కొంగును వాసన చూచుచున్నది.

4. అపశకునమని ఊరివారు కర్రలతో వచ్చిరి. ఇది బతికినదానిని ముట్టదనీ, కళేబరాలు తిని ఊరికి రోగాలు రాకుండా కాచుననీ చర్చి ముందర నిలబడి చెప్పితిని. కొందరు వినిరి. కుర్మయ్య కర్ర దించి, "సరే అన్నా, మల్ల వదినెనెట్ల సముదాయిస్తవు?" అన్నాడు.

5. రెక్క అతుకుకొన్నది. పక్షి ఎగురగలదు. కరుణమ్మ వదలనివ్వదు. "చెప్పినంకనే పోవాలె," అంటున్నది.

కావున రాబందులను చంపరాదని గ్రామాలలో దండోరా వేయించి, ఉద్యమంతో మూతపడిన బళ్ళు తెరిచిన పిదప పిల్లలకు ఈ పక్షుల గురించి చెప్పుటకు నాకు అనుమతి ఇప్పించి, నా కుమారుడు ఉన్నాడో లేడో ఒక్క మాట తెలియజేయ ప్రార్థన. ఉన్నాడంటే వెళ్ళి తెచ్చుకొందుము. లేడంటే ప్రార్థన పెట్టించి ఏడ్చుకొందుము. ఈ రెండూ కానిది మా చేత కాదు అయ్యా.

దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
సాలోమోను

తా.క.: ఈ పొద్దు కరుణమ్మే పక్షి కాలికి కట్టిన తాడు విప్పినది. ఎందుకని అడిగితిని. "దానికి తెల్వదట. పోయి ఎతికొస్తదట," అన్నది. పక్షి మొయినాబాదు మీదుగా పట్నం దిక్కు పోయినది. ఆమె గడపలో కూర్చుండి మొగులు చూచుచున్నది. అయ్యా, చెడ్డ కబురైతే జవానుతో ఇంటికి పంపకండి. పిలిపిస్తే నేనే కచేరికి నడిచి వస్త. నాకొక్కనికే చెప్పండి.