కత్తిపెట్టె అడుగున కాగితం

బరకోవా,
మంగళవారం.

ఎవ్లోహియోకి,

ఇక్కడ నేనూ, కోళ్ళూ, మూతపడిన నీ క్షౌరశాలా క్షేమం. అక్కడ హవానా ఆసుపత్రిలో నీ క్షేమం గురించి రాయమని మాత్రం అడగను. నువ్వు చెప్పేది నమ్మడం ఆదివారంతో మానేశాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, కుర్చీకి గుడ్డ కప్పాను. పక్కింటి రోహెలియో నువ్వు వచ్చేదాకా ఎవరిచేతా గీయించుకోనని గడ్డం పెంచి మేకపోతులా తిరుగుతున్నాడు. కత్తులకు నూనె రాయమన్నావు. ఆదివారం రాశాను. పెట్టె అడుగున మడతపెట్టిన కాగితం దొరికింది.

శాంతియాగోలో నీ మెడకు చేసిన పరీక్ష తాలూకు కాగితం అది. కాలికి జబ్బయితే మెడకు పరీక్ష ఏమిటని ఆరోజు నేనే అడిగాను. కాలి రక్తనాళాలు ఇంతగా మూసుకుపోయినవాళ్ళకు మెడలోవి కూడా నొప్పీ గిప్పీ లేకుండా మూసుకుపోవచ్చని డాక్టరు చెప్పాడు. నువ్వు లోపలినుంచి నవ్వుతూ వచ్చి, "మెడ బంగారంలా ఉందే, కాలొక్కటే దొంగది" అన్నావు. నేను పిచ్చిదానిలా రోగుల్ని కాచే లాజరస్ స్వామికి కొవ్వొత్తి వెలిగించాను. నీ అబద్ధానికి వెలిగించానన్నమాట.

మన వీధి డాక్టరమ్మ ఇదల్మిస్‌కు చూపించాను. ఎడమ నాళం ముప్పాతికకు పైగా పూడిపోయిందట. అది తెలియకుండా కాలికి ఆపరేషన్ చేస్తే, బల్లమీదే పక్షవాతం రావచ్చట. పరీక్ష కాగితాలు మన చేతికే ఇవ్వడం నీకు బాగా కలిసొచ్చింది. కాలివి హవానాకు పట్టుకెళ్ళి, మెడది ఇక్కడ దాచావు.

ఇది చూపిస్తే ముందు మెడమీద కత్తి పడుతుందని భయపడ్డావు, అంతే కదూ? చర్మం కింద ఏముందో మంగలికి తెలిసినంత ఎవరికి తెలుస్తుంది! కానీ ముప్పై ఏళ్ళు ఊరంతా నీ కత్తి కింద మెడ చాచి కళ్ళు మూసుకుంది. నువ్వు మాత్రం ఒక్కరినీ నమ్మలేకపోయావు. పక్కన పడుకునే నన్ను కూడా. నాకు కడుపు మండిపోతోంది, ఎవ్లోహియో.

ఇంకొకటి ఇంతవరకూ చెప్పలేదు. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర లేదు. నిన్న హవానా బస్సు డ్రైవరు ఫౌస్టినోకు ఇచ్చి, సర్జను చేతిలోనే పెడతానని ఒట్టు వేయించుకున్నాను. ఇది నీకు అందేసరికి శుక్రవారం జరగాల్సిన కాలి ఆపరేషన్ ఆగిపోయి ఉంటుంది. ముందు మెడ సంగతి తేలుస్తారు.

నీకు చెప్పకుండా చేశాను. తిట్టు, నోరారా తిట్టు. ఆ నోరు పడిపోకుండా ఉండాలనే చేశాను.

ఇట్లు,
ఇంకా నీ భార్యనే,
నెరైదా