ఒడిబియ్యం పులిహోర

గోథెన్‌బర్గ్, స్వీడన్
జూన్ నెల, ఆదివారం

ప్రేమగల రేణుక వదినకు,

నీ సింధు రాసేది. అందరూ కుశలమా అని అడగాలె గాని, నిన్ననే ఫోన్ల మాట్లాడుకున్నం కాబట్టి కుశలమేనని తెలుసు. మరి ఈ ఉత్తరమేంది అంటవు. మన ఇంట్లో ఫోనంటే స్పీకరే కద. నేను "వదినా" అన్నగానే అన్న వచ్చి పక్కన కూర్చుంటడు, సాలమ్మత్త వెనకనుంచి "పిల్ల బక్కగైంది" అంటది. ఆ ఇద్దరి ముందు చెప్పలేని మాట ఒకటున్నది. అందుకే ముడిమ్యాల ఇంటికి కాకుండా మొయినాబాద్‌లో నీ కుట్టు షాపు అడ్రసుకు రాస్తున్న. చదివినంక ఏం చేసేది నీ ఇష్టం.

నిన్న ఊరు చూడనీకి పోయినం. ఇక్కడికి వచ్చి ఏడాది కావస్తున్నది, ఆఫీసు, అఖిల బడి, సామాన్ల దుకాణం తప్ప నేను ఏమీ చూడలేదు. సాయే అన్నడు, "ముగ్గురం కలిసి ఒక్కరోజన్న తిరుగుదాం, పాపకు గుర్తుంటది" అని. కలిసి ఉండబోయేవాళ్లు గుర్తుండాలని తిరగరు కద వదినా. ఉన్నమాట చెప్తున్న. సాయి నన్ను విడిచి పోతున్నడు.

ఈ నెలాఖరుకు స్టాక్‌హోమ్ పోతడు. అక్కడ ఉద్యోగం, గది చూసుకున్నడు. తాగుడు లేదు, చెయ్యి ఎత్తిన మనిషి కాదు, ఇంకొకామె కూడా లేదు. ఉన్నా బాగుండు, పోయి దాని ఇంటి ముందు నిలబడి దుమ్మెత్తి పోసేదాన్ని. నాతో బతుకు చాలా ఏండ్లనుంచి ఉక్కపోస్తున్నట్టే ఉన్నదట. నీ తప్పేం లేదు అంటడు. తప్పు ఉంటే దిద్దుకుందును, లేని తప్పును ఎట్ల దిద్దుకోవాలె? పాపను నెలకు రెండుసార్లు వచ్చి చూసుకుంటనన్నడు. ఇవన్నీ నెమ్మదిగా, చాయ్ తాగుకుంట మాట్లాడుకున్నం. అరుచుకున్నా ఇంత నొప్పి ఉండకపోవునేమో.

ఈ మాట నాకు ఎప్పుడు చెప్పిండో తెలుసా? మాఘంలో మీ దగ్గరికి రాకముందే. టికెట్లు అప్పటికే కొన్నం. ఒక్కసారి పోయి వద్దాం, ఎవరికీ చెప్పొద్దు అని నేనే బతిమాలిన. మన మనుషుల మధ్యన కూర్చుంటే మనసు మారుతది అనుకున్న. మేం వచ్చేసరికి మీరు ఒడిబియ్యానికి అన్నీ తయారుచేసి పెట్టిండ్రు. అమ్మ, నాయిన లేరని తల్లిగారింటి మర్యాద తక్కువ కావద్దు, పెండ్లయిన తొమ్మిదో ఏడు దాటిపోవద్దు అని అన్న పట్టు. నేను వద్దనలేకపోయిన. సాయి కూడా అనలేకపోయిండు.

పీటల మీద పక్కపక్కన కూర్చున్నం. ఆయనకు కొత్తబట్టలు పెట్టిండ్రు. అన్న దోసిళ్లతో పసుపు బియ్యం, పసుపుకొమ్ములు, ఎండుకొబ్బరి కుడకలు, ఖర్జూరాలు నా ఒడిలో పోసుకుంట, "నూరేండ్లు గిట్లనే ఇద్దరు పక్కపక్క కూసోవాలె బావా" అన్నడు. సాయి తల వంచుకున్నడు. అందరూ సిగ్గనుకొని నవ్విండ్రు. నువ్వు కూడా నవ్వినవు. నాకు మాత్రం ఆ బియ్యం ఒక్కొక్క దోసిలి పడుతుంటే లేచి ఉరకాలనిపించింది. కొంగు గట్టిగ పట్టుకొని కూర్చున్న.

అప్పుడే సాలమ్మత్త కనబడ్డది. వెనక తలుపు చాటున, బంతిపూల గంపల పక్కన నిలబడి చూస్తున్నది. ముందురోజు చాటలో ఆ బియ్యమంతా ఏరి పెట్టింది ఆమెనే. బియ్యంలో రాళ్లు ఏరేది ఆమె, ఒడిలో పోసేకాడికి రానిది కూడా ఆమెనే. మామ పోయినంక తల్లిగారిల్లని మన ఇంటికొచ్చి ఇన్నేండ్లాయె, ఆమె ఒడి మళ్ల ఎవరూ నింపలేదు. నేను పుట్టినప్పటినుంచి చూస్తున్నదే, ఏనాడూ అడగలేదు. ఆ పూట మాత్రం, ఇంక నా జాగ కూడా ఆ తలుపు వెనకనే అని అనిపించింది.

మూటగట్టి పెట్టెలో పెట్టుకుంట నువ్వు ఏం చెప్పినవు? "పోయినంక వండుకొని ఐదిండ్లోళ్లకు పెట్టు, ఒక్క గింజ పారేయకు" అన్నవు. ఇక్కడికొచ్చినంక డబ్బాలో పోసి పైఅరలో పెట్టిన. వండితే అబద్ధం, పారేస్తే పాపం. చాయ్‌పత్తి పక్కనే ఉంటది, తీసినప్పుడల్లా అటు చూడకుండా తీస్తున్న.

నిన్న పొద్దున ఆ డబ్బా దించిన. నవ్వకు వదినా. ఈ బియ్యం తిన్న మనిషి ఎట్ల పోతడో చూద్దాం అనుకున్న. మొగనికి మందు పెట్టినోళ్ల ముచ్చట్లు ఎవరన్న చెప్తే ఎక్కిరించినదాన్ని, ఎంసీఏ చదివినదాన్ని, రెండు గ్లాసుల బియ్యం కడిగి పులిహోర కలిపిన. పులిహోర ఎట్లాగూ పచ్చగనే ఉంటది, ఆయనకేం తెలుస్తది అనుకున్న.

ట్రాం ఎక్కి పోయినం. చర్చి అనుకొని దగ్గరికి పోతే అది చేపల మార్కెట్. అఖిల ఒకటే నవ్వుడు, "చేవెళ్లల టమాటల మార్కెట్ కూడా గుడి లెక్క కట్టమని మామకు చెప్తా" అంటది. నేను, సాయి ఒక్కసారే నవ్వినం, ఒకరి ముఖం ఒకరు చూసుకొని ఆగిపోయినం.

అక్కడినుంచి పడవ ఎక్కినం. పైకప్పు లేని వెడల్పాటి పడవ, ఊరి నడుమ కాలువలో తిప్పుతరు. ఒక వంతెన ఎంత కిందికి ఉంటదంటే, కుర్చీల మీదికెళ్లి దిగి అందరూ పడవ అడుగున కూర్చోవాలె. పడవ నడిపే పిల్ల చెప్పగానే ముసలోళ్లు, పిల్లలు అందరూ నవ్వుకుంట వంగిండ్రు. మేం ముగ్గురం దగ్గరదగ్గర ముడుచుకున్నం. చీకటైంది. సాయి ఒక చెయ్యి అఖిల నెత్తి మీద పెట్టిండు, ఇంకో చెయ్యి నా నెత్తి మీద పెట్టిండు, రాయి తగలకుండా. ఆ వంతెన అయిపోవద్దని మొక్కుకున్న. వెలుతురు వచ్చినంక తన చెయ్యి ఎక్కడున్నదో చూసుకొని, కాలిన పెనం మీదికెళ్లి తీసినట్టు తీసుకున్నడు. చేతికి అలవాటు పోలేదు, అంతే. నేను అఖిలకు బాతులను చూపెట్టుకుంట ముఖం అటు తిప్పుకున్న.

మధ్యాహ్నం కాలువ గడ్డన కూర్చొని డబ్బా తెరిచిన. నిమ్మకాయ మంచిగ పడ్డదనుకుంట రెండు ముద్దలు తిన్నడు. మూడో ముద్దలో ఏదో పంటి కింద పడ్డది. తీసి చూసుకున్నడు, పసుపుకొమ్ము ముక్క. కడిగేటప్పుడు నా కంట పడలేదు. పీట మీద నా పక్కన కూర్చున్న మనిషే కద, గుర్తుపట్టిండు.

"ఇది ఒడిబియ్యమా సింధూ?"

అవునన్న. మెల్లగ డబ్బా కింద పెట్టి చెయ్యి తుడుచుకున్నడు. "ఇది నేను తినొద్దు. మహేశ్వర్ బావ నమ్మి పోసిండు" అన్నడు.

నాకు ఒళ్లు మండింది. "బట్టలు పెట్టించుకున్ననాడు యాదికి రాలేదా ఆ నమ్మకం?"

"యాదికొచ్చింది. అందుకే ఆ బట్టలు ఇప్పటిదాక కట్టలేదు."

ఆయన కండ్లలో నీళ్లున్నయి. అప్పుడు అర్థమైంది నాకు, ఈ మనిషి పోతడని. చెడ్డోడైతే తినేసి పోతుండె. అఖిల "అమ్మా, మిగిలింది పిట్టలకు వేద్దామా" అని అడిగింది. నీ మాట గుర్తొచ్చి వద్దన్న. కడుపు నొచ్చేదాక నేనొక్కదాన్నే తిన్న. సాయి పాపను తీసుకొని నీళ్ల దగ్గరికి పోయిండు.

ఇంకా డబ్బాలో చానా బియ్యం ఉన్నది. ఏం చెయ్యాలె వదినా? మొగడు విడిచినదానికి ఆ బియ్యం మీద హక్కున్నదా? అన్నకు తెలిస్తే ఆయన ముఖం ఎట్లయితదో తలుచుకోలేకపోతున్న. ఇంక నాకు తల్లిగారిల్లు ఉంటదా? పీట వద్దు, చీర వద్దు. సాలమ్మత్త పక్కన ఆ తలుపు వెనక ఇంత జాగ ఉంటే చాలు.

నీ ఆడబిడ్డ,
సింధుజ

*

ముడిమ్యాల
శుక్రవారం

సింధూ బిడ్డా,

రేణుక వదిన దీవెనలు. నీ ఉత్తరం షాపుకొచ్చిననాడు చదివి, ఒకామె రవికెకు చేతులు తిరగేసి కుట్టిన. విప్పి మళ్ల కుట్టిన, మళ్ల తప్పే వచ్చింది. ఆమె తిట్టిపోయింది. మెషిను సొరుగులో పెట్టి తాళమేసిన గాని, ఇంట్లో మీ అన్న ముఖం చూస్తే అన్నం దిగలేదు. నన్ను తిట్టుకుంటే తిట్టుకో, నీ ఉత్తరం ఆయనకే ఇచ్చిన. నీకు అన్న అయినంకనే నాకు పెనిమిటి.

చామంతి తోటలో బోరు కాడ కూర్చొని చదివిండు. బువ్వకు రాలేదు. సాయన్నకు ఫోన్ చేసి ఏమంటడో అని నాకు ఫికరైంది. పొద్దుగూకినంక వచ్చి ఒక్కటే అడిగిండు. "గా బియ్యం అదొక్కతే కూసొని తిన్నదా?" అన్నడు. అవునన్న. గోడకు ఒరిగి చిన్నపిల్లగాని లెక్క ఏడ్చిండు. అమ్మ పోయిననాడు కూడా నేను గట్ల చూడలేదు.

రెండురోజులైనంక చేవెళ్ల పోయి కొత్తచీర తెచ్చిండు. ఒడిబియ్యం కలుపు అన్నడు. సింధు లేకుండ ఎవరికి పోస్తవు అన్న. "సాలమ్మత్తకు" అన్నడు. నేను కూడా వెనకాడిన, అబద్ధమెందుకు. పోసేనాడు యాదయ్య పెద్దనాయిన ముందే వచ్చి కూర్చున్నడు. "పెనిమిటి లేనిదానికి ఒడిబియ్యమేందిరా, ఇంటికి మంచిది కాదు" అన్నడు.

మీ అన్న నెమ్మదిగనే చెప్పిండు. "పెద్దనాయిన, మనం పోసేది మనింటి ఆడిబిడ్డకు. అల్లుడుంటే బట్టలు పెడ్తం, లేకుంటే లేదు. బియ్యమైతే ఆమెవే."

పెద్దనాయిన చాయ్ తాగకుండ లేచి పోయిండు. ఇద్దరు ముత్తైదువలు కూడా ఆయన వెనకనే పోయిండ్రు. నీ దగ్గర దాచేదేమున్నది. ఉన్నోళ్లమే పోసినం.

అత్త అయితే గంపల వెనక దాక్కున్నది. "నవ్వుతరు బిడ్డా, ఇడిసిపెట్టు" అని ఒకటే మాట. మీ అన్న చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టిండు. కొంగు ఎట్ల పట్టాలో కూడా మర్చిపోయింది, నేను పట్టిన. మొదటి దోసిలి పడంగనే వంగి బియ్యం దిక్కు చూసి, "రాళ్లు ఏరిందెవరు?" అన్నది. ఏరింది మీ అన్న. అక్కడికక్కడే రెండు రాళ్లు తీసి ఆయన చేతిలో పెట్టింది. అందరం నవ్వినం, నవ్వుతనే ఏడ్చినం.

నీ డబ్బాలో బియ్యం నీవే. వండు. ఐదిండ్లోళ్లను పిలువు, ఏ దేశపోళ్లయితేంది, ఆకలున్నోళ్లయితే చాలు. సాయన్నను కూడా పిలువమంటవా అంటే, నేను చెప్పలేను. ఆయన మీద చానా కోపమున్నది, ఆ బట్టలు కట్టలేదని చదివినంక సగం తగ్గింది, సగం ఉన్నది. నిన్ను ఇక్కడికి రమ్మంటలేను, అక్కడే ఉండమంటలేను. నీ కొలువు, నీ బిడ్డ బడి, నువ్వే చూసుకో. కాని తలుపు వెనక జాగ మాత్రం అడగకు. ఆడ ఇంక మనుషులు నిలబడరని మీ అన్న చెప్పిండు, పూలగంపలే ఉంటయి.

ఒక్క సంగతి చెప్పి ఆపుత. ఒడి నింపుకున్న ఆడిబిడ్డ గడప దాటి అత్తగారింటికి పోవాలె కద. అత్త లేచి, గడప దాటి, వాకిట్లో నిలబడిపోయింది. ఎటు పోవాల్నో తెల్వదు. ఆమెకు ఇంకో ఇల్లు లేదు. జరసేపు అటిటు చూసి, ఆ బరువు ఎత్తుకొని ఇంటి చుట్టూ తిరిగి, మళ్ల మన వాకిట్లకే వచ్చింది. మీ అన్న చెంబుతో నీళ్లు తెచ్చి, చుట్టమొచ్చినట్టు ఆమె కాళ్లు కడిగి లోపలికి తీసుకొచ్చిండు.

నీకేమన్న రాయాల్నా అని అత్తను అడిగిన. ముఖం తుడుచుకొని ఇట్ల చెప్పింది. "సింధుకు రాయి. గడప దాటినంక కూడా తొవ్వ ఉన్నదని, నేను నడిచి చూసిన అని రాయి."

నీ వదిన,
రేణుక